గట్టు మీద ఆగిపోయిన జీపు

ఇంజను ఆగిపోయినప్పుడు నాకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. మధ్యలో ఒక్క బండి మాత్రమే పట్టే గట్టు. ముందురోజు కురిసిన వానకి మట్టి మెత్తబడింది గానీ మరీ జారేంత కాదు. రెండో గేరులో నెమ్మదిగానే పోతున్నాను. ఉన్నట్టుండి బానెట్ కింద, రేకు డబ్బాలో మేకులు పోసి ఎవరో ఊపుతున్నట్టు గలగలమంది. ఏమిటా అని కాలు తీసేలోపే ఠప్పుమని ఒక దెబ్బ. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. స్టీరింగు చేతుల్లో బిగుసుకుపోయింది. బండి తన బరువుకి తనే కాస్త ముందుకు దొర్లి నిలబడింది.

తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, ఇంజను పట్టుకోలేదు. ఆ తిరగడం కూడా ఎప్పటిలా బరువుగా లేదు. చేద లేని గిలక తిరిగినట్టు వట్టిగా తిరిగింది. మళ్ళీ తిప్పాను. ఈసారి లోపల ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు నా పాదాల కిందికి వచ్చింది. గబుక్కున చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కొని పక్షం కూడా తిరగని బండి అది. ఒకరు వాడి అమ్మిందే అయినా నాకు మాత్రం కొత్త బండే.

అక్కడే కూర్చుని ఏడ్చే వీలు కూడా లేకపోయింది. ఫోన్ మోగింది. ఏ గుంట కోసమైతే బయల్దేరానో ఆ గుంట రైతే.

"మేడం, యాడుండారు? రొయ్య పైకొచ్చి తిరగతా ఉంది."

"మీ పక్క గట్టు మీదే ఉండానన్నా. బండి ఆగిపోయింది."

"బండి సంగతి తర్వాత చూసుకుందాం. మీరు నడిచొచ్చేయండి."

నీళ్ళు పరీక్ష చేసే పెట్టె భుజానికి తగిలించుకుని, చెప్పులు బండిలోనే వదిలేసి, గట్టు వెంట నడిచాను. నడుస్తూనే మా ఆయనకి ఫోన్ చేసి, బండి ఆగిపోయిందని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ముదురాకుపచ్చ జీపు, ముక్కు కాస్త పక్కకి తిప్పుకుని, అలిగిన మనిషిలా నిలబడి ఉంది.

నేను చేసే పని ఇదే. తోటపల్లి గూడూరు రోడ్డు మీద ఒక గది బాడుగకి తీసుకుని చిన్న ల్యాబు పెట్టుకున్నాను. నీళ్ళలో ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత, రొయ్య పేగు నిండుగా ఉందా ఖాళీగా ఉందా, ఇవి చూసి చెప్పాలి. రైతు ఫోన్ చేశాడంటే సాయంత్రం వస్తాననడానికి కుదరదు. ఆలోపు గుంట గుంటంతా పోతుంది. అన్నేళ్ళూ స్కూటరు మీదే తిరిగాను. పోయినేడు కార్తీకం వానల్లో గట్టు మీద జారి, స్కూటరూ నేనూ శాంపిల్ సీసాలూ కలిసి గుంటలోకి దొర్లాం. మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజే అనుకున్నాను, నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి కొనాలని.

మా ఆయన కృష్ణపట్నంలో కరెంటు ఫ్యాక్టరీలో పని చేస్తారు. షిఫ్టు డ్యూటీ, కంపెనీ బస్సు. ఎక్కడం, కునుకు తీయడం, దిగడం. బండ్లతో అంతకు మించిన సంబంధం ఆయనకి లేదు, అక్కర్లేదు కూడా. పాత బండి అనగానే మొదలుపెట్టారు. ఎవరు ఎట్టా నడిపారో ఎట్టా తెలుస్తుంది, ఫోర్ వీల్ అంటే రిపేరు కూడా రెండింతలు ఉంటుంది, ఆడమనిషివి దారిలో ఆగిపోతే ఏం చేస్తావు. అన్నం దగ్గర ఇదే, కాఫీ దగ్గర ఇదే. నేను విన్నాను, విన్నాను, ఒకరోజు గరిటె గిన్నెలో పడేసి అన్నాను.

"ఇంక ఈ బండి గురించి మీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. మంచైనా సరే, చెడైనా సరే. నేను కొంటున్నా."

ఆయన అన్నంలో మజ్జిగ పోసుకున్నారు.

బండి సంగం అనే ఊళ్ళో దొరికింది. వరి పండించుకునే ఒక పెద్దాయనది. బ్యారేజీ అవతలి పొలాలకి వెళ్ళి రావడానికి కొన్నారట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. ఆయన భార్య అయితే ఆ బండి ఎక్కడానికి ఒక పీట వేసుకుని, దాని మీద నిలబడి, ఒకరు పైనుంచి లాగితే గానీ ఎక్కలేదు. "ఈ వయసులో మాకెందుకమ్మా ఈ గుర్రం" అని నవ్విందామె. నేను ఆ బండిని పెన్నా గట్టు మీద నడిపాను, దుక్కి దున్నిన చేలో నడిపాను. నాలుగు చక్రాలూ మట్టిని పట్టుకుని పైకి లేచినప్పుడు నా వెన్నులో ఏదో జరిగింది. దిగేసరికే బండి నాదైపోయింది.

కాగితాల మీద సంతకాలకి ఇంకోసారి వెళ్ళాల్సి వచ్చింది. ఆరోజు ఒక గుంటలో పట్టుబడి ఉంది, రొయ్యలన్నీ పట్టి లారీకెత్తేదాకా నేను కదల్లేను. మా ఆయనకి ఆఫ్. పొమ్మంటే వెళ్ళొచ్చారు. "పెద్దాయన మంచోడు, తనే కొంచెం తగ్గించాడు" అన్నారు వచ్చాక. అంతే. తర్వాతి రోజు నేనే వెళ్ళి బండి తెచ్చుకున్నాను.

గుంట దగ్గరికి చేరేసరికి రైతు నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. ఆక్సిజన్ పడిపోయింది, అనుకున్నదే. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ వేయించి, మేత ఆపించి, ఏం చల్లాలో చెప్పాను. నా నోరు పని చేస్తోంది, చెయ్యి పని చేస్తోంది, మనసు మాత్రం ఆ గట్టు మీదే ఉంది. ఏరేటర్ల చప్పుడులో కూడా నాకు గలగలే వినిపిస్తోంది. రొయ్య కిందికి దిగడం మొదలుపెట్టాక రైతు తన ట్రాక్టరు తీశాడు. మోకు కట్టి జీపుని గట్టు మీద నుంచి రోడ్డు మీదికి లాగాం. ఇంజను లేని స్టీరింగు తిప్పాలంటే బావిలోంచి బండరాయి తోడినట్టుంటుంది. రోడ్డెక్కేసరికి విరిగి అతికిన మణికట్టు ఉబ్బిపోయింది.

నెల్లూరు రోడ్డు మీద షెడ్డున్న మెకానిక్ దగ్గర దించాం. నాకన్నా చిన్నవాడు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. బానెట్ ఎత్తి చూసి, "ఏం లేదక్కా, డీజిల్ అందడం లేదు" అన్నాడు ధీమాగా. ఫిల్టరు మార్చాడు. సెల్ఫ్ కొట్టాడు. ఆ వట్టి గిరగిర విన్నాక నమలడం ఆపాడు. రెండోసారి కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఇంజను పై మూత తీసి ఉంది. లోపల నూనెలో తడిసిన ముక్కలు. వాటిని ఒక్కొక్కటే పాత న్యూస్‌పేపరు మీద పెడుతున్నాడు.

"టైమింగ్ చైను. దాన్ని పట్టుకునే పలక విరిగిపోయింది. చైను పళ్ళు తప్పి ఎగిరింది. వాల్వులన్నీ పోయి పిస్టన్ల మీద పడినాయి. చూడండి, ఎట్ట వంగినాయో."

చూశాను. నిటారుగా ఉండాల్సిన పుల్లలు, వాన దెబ్బ తిన్న వరి కంకుల్లా తలా ఒక పక్కకి వాలి ఉన్నాయి.

"ఇంజను దించాల్సిందేనా?"

"దించాల్సిందే. హెడ్డు లేత్ షాపుకి పోవాల. చైను సెట్టు ఈడ దొరకదు." ఒక ముక్క గుడ్డతో తుడుస్తూ తల ఎత్తకుండా అన్నాడు. "ఇది నిన్న పుట్టిన జబ్బు కాదక్కా. చానా రోజులుగా మోగతా ఉండాల. అమ్మినోళ్ళకి తెలియకుండా ఉండదు."

ఆ చివరి మాట నాతో పాటు షెడ్డులోంచి బయటికి వచ్చింది. ఇంటికి వచ్చింది. స్నానం చేస్తుంటే ఉంది, పప్పు పోపు పెడుతుంటే ఉంది. పోపు మాడింది. సూక్ష్మదర్శిని కింద రొయ్య మొప్ప పెట్టుకుని చూస్తూ, ఏం చూశానో మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఆ పెద్దాయన నవ్వు, ఆమె పీట కథ, మోకాళ్ళు. అన్నీ నాటకమా? నేను బండి నడుపుతుంటే పక్కన కూర్చుని, "ఈడ కొంచెం గట్టిగా తొక్కు తల్లీ, భయం లేదు" అన్నాడే. భయం లేదని ఆయనకెలా తెలుసు?

ఆ రోజుల్లో ఒక చోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. పొద్దున ఒకసారి షెడ్డుకి, సాయంత్రం ఒకసారి షెడ్డుకి. ఇంజను లేని బండి మొహం చూసి ఏం చేస్తానని మెకానిక్ ఒకరోజు విసుక్కున్నాడు కూడా. నిజమే. బానెట్ కింద అంత పెద్ద ఖాళీ, అందులోంచి కింద నేల కనపడేది. అయినా వెళ్ళేదాన్ని. స్కూటరు మీద గట్లు తిరుగుతూ, ఆ పెద్దాయనని ఏమని అడగాలో పైకే అనుకుంటూ పోయేదాన్ని. ఒకసారి మేత వేసే మనిషి, "నన్నేమన్నా అన్నారా మేడం?" అని భయం భయంగా అడిగాడు.

ఇంట్లో మా ఆయన వింతగా ఉన్నారు. నేను చెప్పాను కదా, అనుకున్నాను కదా అని దెప్పి పొడుస్తారని కాచుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క అనలేదు. పొద్దున నాకన్నా ముందే లేచి టీ పెట్టారు. స్కూటరుకి గాలి కొట్టించుకొచ్చారు. ఆ మంచితనం నాకు ఇంకా చిరాకు తెప్పించింది. తిడితే నేనూ తిట్టి ఊపిరి పీల్చుకునేదాన్ని.

"సంగం పోతా ఉండా" అన్నాను ఒకరోజు. "ఆయన్ని మొహం మీదే అడిగేస్తా."

ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయారు.

"ఎందుకులే. అయ్యిందేదో అయ్యింది. ముసలాయనతో నీకు గొడవ ఏంది?"

"మీకు గొడవంటే భయం. నాకు లేదు."

"భయం కాదు..." అని ఏదో చెప్పబోయారు. బయట బస్సు హారన్ కొట్టింది. వెళ్ళిపోయారు.

నెల్లూరులో బస్సు మారి సంగం వెళ్ళాను. బస్సు కిటికీ పక్కన కూర్చున్నానన్న మాటే గానీ, ముందు సీటు కడ్డీ పట్టుకుని బస్సుని నేనే తోస్తున్నట్టు ముందుకు వంగే ఉన్నాను. పెన్నా నిండుగా పారుతోంది. పొలాల్లో నాట్లు. పెద్దాయన ఇంటికి వెళితే చేలో ఉన్నాడన్నారు. చేలోకి వెళ్ళాను. నారు కట్టలు మోయిస్తూ గట్టు మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహమంతా విప్పారింది.

"ఏమ్మా, ఇంత దూరమొచ్చినావు! బండి ఎట్ట ఉంది? తేలేదా?"

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు వరస తప్పిపోయాయి. "బండి చచ్చిపోయింది" అన్నాను. అంత పిల్లచేష్టగా నా నోట్లోంచి ఆ మాట వస్తుందని అనుకోలేదు. తర్వాత అంతా ఒక్కసారే వచ్చింది. గట్టు, గలగల, వంగిన వాల్వులు, మెకానిక్ అన్న మాట. "మీకు తెలిసే అమ్మినారు. రెండు పక్కలా నీళ్ళు. ఏ మూల మలుపులోనో స్టీరింగు బిగుసుకుపోయి ఉంటే నేనేమయ్యేదాన్ని? మిమ్మల్ని తండ్రి లాంటి వాడనుకున్నా." నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. నాకు సిగ్గు లేదు ఆరోజు.

పెద్దాయన నేను ఆగేదాకా ఆగాడు. పక్కనున్న కాలవలో వంగి చేతులు కడుక్కున్నాడు. పైపంచెతో తుడుచుకున్నాడు.

"చైనా?" అన్నాడు.

"చైనే."

"అది మోగతా ఉందని మీ ఆయనకి చెప్పినా గదమ్మా."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయనకి అర్థమైంది. ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, గుమ్మంలో కూర్చుంది. విషయం విని ఆమె కూడా అదే అంది.

"నేనూ ఈ గుమ్మంలోనే కూర్చోనుండా తల్లీ. పొద్దున చలికి స్టార్ట్ చేస్తే కాసేపు గలగలమంటుంది, మెకానిక్ మార్చమన్నాడు, నాకు కుదర్లేదు, దానికోసమే తగ్గిచ్చి ఇస్తా ఉండా, ముందు అది మార్పించుకోండి అని ఈయన చెప్పినాడు. మీ ఆయన సరేనన్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు."

నేను చూసిన రోజు మధ్యాహ్నం. పెద్దాయన అప్పుడే పొలం తిప్పుకుని వచ్చిన బండి. ఇంజను వేడిగా ఉంది. నాకెలా వినిపిస్తుంది? తెచ్చుకున్నాక పొద్దున్నే కాస్త గలగలమన్నా, డీజిల్ బండి అంటే అంతేననుకున్నాను.

మజ్జిగ గ్లాసు చేతిలో అలాగే ఉంది. పెద్దాయన ఎదురుగా ఉన్న మంచం మీద కూర్చుని, నా మొహం చూడకుండా, వాకిట్లోకి చూస్తూ అన్నాడు.

"నేను నీతో కూడా చెప్పాల్సింది. ఇంటాయనకి చెప్తే ఇంట్లో చెప్పినట్టే అనుకున్నా. పొరపాటే. బండి మీద నీకు మనసు విరిగిపోయుంటే తెచ్చి ఈ వాకిట్లో పెట్టెయ్యి. నాట్లైనాక నీ డబ్బు నీకిస్తా. విరిగిందా?"

ఆ ప్రశ్న కోసం నేను సిద్ధంగా లేను. విరిగిందనుకునే వచ్చాను. కానీ ఆయన అడిగిన తర్వాత లోపల వెతికితే, విరిగింది బండి మీద కాదు.

"లేదు. నేనే బాగు చేయించుకుంటా" అని లేచాను. ఆమె నాకు బొట్టు పెట్టింది. ఆ బొట్టుతోనే బస్సెక్కాను.

ఇంటికి పోలేదు. కంపెనీ బస్సు మా ఆయన్ని దించే మలుపు దగ్గరే దిగి, టీ కొట్టు రేకు కింద నిలబడ్డాను. తుంపర పడుతోంది. కొట్టతను కూర్చోమని స్టూలు జరిపాడు. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. పోర్టు నుంచి బొగ్గు లారీలు వరసగా పోతున్నాయి. వాటిలో ఏ ఒక్కదాని ఇంజనూ సరిగ్గా లేనట్టే అనిపించింది నాకు. చివరికి బస్సొచ్చింది. ఆయన టిఫిన్ బ్యాగు తలకి అడ్డం పెట్టుకుని దిగారు. నన్ను చూశారు. బ్యాగు నెమ్మదిగా కిందికి దించారు. వాన తల మీద పడుతున్నా మళ్ళీ ఎత్తుకోలేదు.

"పోయొచ్చినావా?"

"ఎందుకు చెప్పలేదు?"

ఆయన కొట్టతని వైపు చూశారు. నడుద్దాం అన్నట్టు తల ఊపారు. ఇద్దరం రోడ్డు అంచున నడిచాం. లారీ పోయినప్పుడల్లా మాట ఆపాల్సి వచ్చేది.

"ఆరోజు బస్సులో వస్తా అంతా అదే అనుకున్నా. ఇంటికి పోంగానే చెప్పేస్తా, ఇంక ఈ బండి గోల పీడా పోతుందని. గేటు తీసేసరికి, అప్పటికే పట్టుబడి నించి వచ్చేసి నువ్వు బండి పెట్టడానికి వాకిట్లో ఇటుకలు పరుస్తా ఉండావు. నీలో నువ్వే ఏదో పాడుకుంటా ఉండావు. చెయ్యి విరిగినాక నిన్నట్టా చూడలేదు."

"అందుకని అబద్ధమా?"

"అబద్ధం చెప్పలేదు."

"చెప్పకపోవడం ఏంది మరి?"

లారీ ఒకటి పోయింది.

"నువ్వే గదా, మంచైనా చెడైనా ఒక్క మాట మాట్లాడొద్దన్నావు" అన్నారు.

అక్కడే నిలబడిపోయాను. కోపం వచ్చిందని చెప్పడం చాలదు. నా మాటే తెచ్చి నా ముందు పెట్టాడు మనిషి, అదీ ఏ వెటకారం లేకుండా, నిజంగానే అది తనకి అడ్డం పడ్డట్టు. తిట్టడానికి నోరు తెరిచాను.

"నేను ఆ గుంటలో పడుంటే? అప్పుడు కూడా అదే చెప్పేవాళ్ళా, మాట్లాడొద్దంది కాబట్టి చెప్పలేదని?"

ఆయన టిఫిన్ బ్యాగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "చైను సెట్టు చెన్నై నించి తెప్పిస్తా ఉండా. నువ్వు బండి తెచ్చిన రోజే నెల్లూరు షాపులో చెప్పినా. వచ్చినాక, నా ఆఫ్ రోజు నీకు తెలీకుండా మార్పించేద్దామనుకున్నా. నువ్వు గట్టు మీద నించి ఫోన్ చేసినప్పుడు నేను టర్బైన్ కాడ ఉండా. అప్పట్నించీ టర్బైన్ చప్పుడు విన్నప్పుడల్లా ఆ ఫోనే గుర్తొస్తా ఉంది."

చైను సెట్టు నిజంగానే వచ్చింది, ఆ మర్నాడో, దాని తర్వాతి రోజో. ఆయన షాపు నుంచి తెచ్చి వాకిట్లో ఇటుకల మీద పెట్టారు. అట్ట పెట్టెలో, నూనె కాగితంలో చుట్టి, మెరుస్తూ. బండి ఆగక ముందు వచ్చి ఉంటే ఒక పూట పని. నేను దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. ఆయనే మెకానిక్‌కి ఇచ్చొచ్చారు.

అంతలో వాయుగుండం పట్టింది. తెరిపి లేని వాన. గుంటల్లో ఉప్పు పడిపోయింది, రొయ్య మేత తినడం మానేసింది, ఫోన్లు ఆగడం లేదు. లేత్ షాపులో కరెంటు లేక హెడ్డు అక్కడే ఉండిపోయింది. స్కూటరు గట్ల దగ్గరికి కూడా పోవడం లేదు. రోడ్డు మీద దిగి నడవడమే. మేమిద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోవడం లేదు. ఉప్పు అందుకో, తువ్వాలెక్కడ, అంతే.

ఒక పొద్దున నేను పెట్టె సర్దుకుంటుంటే ఆయన లుంగీ ఎగ్గట్టి, పాత రెయిన్‌కోటు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డారు.

"డ్యూటీ?"

"లీవు పెట్టినా."

పెట్టె నా చేతిలోంచి తీసుకున్నారు. వద్దనలేదు, రమ్మనలేదు. సముద్రం వైపు గుంటలకి ఇద్దరం నడిచాం. గట్టు జిగట మట్టి, అడుగు వేస్తే లాక్కుంటుంది, తీస్తే జారుతుంది. ఆయనకి గట్టు మీద నడక రాదు. పక్కకి పోయేవారు, రెండు చేతులా పెట్టెని గుండెకి కరుచుకుని నిలబడేవారు. ఒకచోట పూర్తిగా జారి కూర్చుండిపోయారు. పెట్టె మాత్రం పైకెత్తి పట్టుకునే ఉన్నారు. లోపల గాజు సామాను ఉందని ఎవరో చెప్పినట్టు. నేను వెనక్కి వచ్చి చెయ్యి ఇచ్చాను. మణికట్టు నొప్పి గుర్తొచ్చి ఎడమ చెయ్యి మార్చి ఇచ్చాను. ఆయన అది గమనించారు. నా చెయ్యి పట్టుకోకుండా, నేల మీద అరచెయ్యి ఆనించి తనే లేచారు.

"రోజూ ఇట్టా నడుస్తావా?" అన్నారు.

"వానలప్పుడు."

అలా వాన తగ్గేదాకా వచ్చారు. ఉన్న లీవులన్నీ అయిపోయాయి. రైతులు ఆయన్ని 'మేడం గారి సారు' అనడం మొదలుపెట్టారు. మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి రొయ్య చూపిస్తే, ఆయన కూడా కళ్ళద్దాలు తుడుచుకుని ఏదో తెలిసినట్టు వంగి చూసేవారు. నాకు కోపం పోయిందా అంటే పోలేదు. ఉన్నట్టుండి పొడుచుకొచ్చేది. నడుస్తూ నడుస్తూ, "ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారంటగా" అనేదాన్ని. ఆయన "ఊ" అనేవారు. మళ్ళీ కొంత దూరం నడిచేవాళ్ళం.

బండి తయారైందని ఫోన్ వచ్చిన రోజు ఎండ కాసింది. షెడ్డుకి ఇద్దరం వెళ్ళాం. మెకానిక్ తాళం నా చేతిలో పెట్టి, "కొట్టండక్కా" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. తాళం పెట్టాను. తిప్పడానికి చెయ్యి రాలేదు. ఆ ఠప్పు ఇంకా అక్కడే, తాళం వెనకాలే ఉన్నట్టుంది. మెకానిక్ నమలడం ఆపి చూస్తున్నాడు. ఆయన అవతలి పక్క తలుపు తీసుకుని, కడ్డీ పట్టుకుని అవస్థపడుతూ ఎక్కి, నా పక్కన కూర్చున్నారు. బెల్టు ఎక్కడుందో తెలియక వెతుక్కున్నారు. చూపించాను. తిప్పాను.

పట్టుకుంది. బరువుగా, ఒక తీరుగా, సీటు కింద నుంచి పైకి వచ్చింది ఆ చప్పుడు. ఇద్దరం విన్నాం. ఆయన తల కాస్త ముందుకి వంచి, డాక్టరు దగ్గర కూర్చున్న మనిషిలా విన్నారు.

"బాగుందా?" అన్నారు.

"ఇప్పటికి."

నాకు ఆ బండి మీద పూర్తి నిశ్చింత ఈరోజుకీ రాలేదు. పొద్దున చలికి స్టార్ట్ చేసినప్పుడు ఊపిరి బిగబట్టి వింటాను. పాటలు పెట్టను. అద్దాలు దించే నడుపుతాను, వానైనా సరే, చప్పుడు వినపడాలి కదా. ఆయన మాత్రం మారారు. కుదిరిన రోజు వస్తానంటారు. ఏది ఉన్నా చెప్తారు, చెప్పక్కర్లేనివి కూడా. ఎడమ పక్క చక్రం ఏదో అంటోంది, డీజిల్ వాసనేమో చూడు, ఆ లారీ వాడు మనల్నే చూస్తున్నాడు. ఒక్కోసారి ఆ పాత ఆంక్ష మళ్ళీ పెడదామా అనిపిస్తుంది.

మొన్న చలి రోజుల్లో ఒక పొద్దున సముద్రం వైపు పోతున్నాం. ఒక గుంటలో రొయ్యకి తెల్లమచ్చల జబ్బు పట్టినట్టుందని ఫోన్. గట్టు మొదట్లోకి ఎక్కానో లేదో, ముందు వైపు నుంచి టకటకమని మొదలైంది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇంజను ఆపేశాను. ఆయన నా మొహం చూసి, దిగి ముందుకి పోయారు. బానెట్ వైపు వంగారు. కాసేపు ఆయన తల కూడా కనపడలేదు.

"నంబరు ప్లేటు!" అని అరిచారు. "ఒక స్క్రూ ఊడిపోయింది, గాలికి కొట్టుకుంటా ఉంది!"

మెడలో తువ్వాలు తీసి దాన్ని ఎలాగో బంపరుకి చుట్టి ముడేశారు. ముడి చాలక ఇంకో ముడేశారు. పైకి ఎక్కడానికి ఎప్పటిలాగే అవస్థపడ్డారు. నేను మళ్ళీ తాళం తిప్పాను. గట్టు చివర రైతు అప్పటికే నడుం మీద చేతులేసుకుని నిలబడి, త్వరగా రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.